నువ్వు లేకపోతే ఎవరి మీద ఏడవాలి

కొండమీది క్వార్టర్స్,
జనవరి మొదటివారం.

నా బంగారు పిచ్చుకకి,

అక్క ముద్దులు. క్షేమంగా చేరాం. క్షేమంగా అంటే కాళ్ళూ చేతులూ ఉన్నాయని. వేళ్ళు ఉన్నాయో లేదో ఈ చలికి తెలియడం లేదు. మీ బావ వచ్చిన రోజే పనిలో దిగిపోయారు. మాటిమాటికీ బయటికెళ్ళి గాలి ఎటు వీస్తోందో, మంచు ఎంత పడిందో చూసొచ్చి కింది ఆఫీసుకి వైర్‌లెస్‌లో చెబుతారు. "దానికింత చదువెందుకండీ, కిటికీ తెరిచి నేనూ చెప్తాను చలిగా ఉందని" అన్నాను. నవ్వలేదు. వాతావరణ శాఖవాళ్ళ దగ్గర వాతావరణం మీద జోకులు చెల్లవు.

ఇక్కడ ఫోను పలకదు. వైర్‌లెస్‌లో తుఫాను గురించి తప్ప మాట్లాడకూడదట. సరుకుల వ్యాను వారానికోసారి వస్తుంది. ఉల్లిపాయలతో పాటు ఉత్తరాలు తెస్తుంది, ఖాళీ గోనెలతో పాటు మన ఉత్తరాలు తీసుకెళ్తుంది. కాబట్టి ఇక నీకూ నాకూ కలమే గతి.

అసలు సంగతికొస్తాను. నేనొక సినిమాలో అమ్మ వేషం వెయ్యడం, అది విడుదలైన మర్నాడే మీ బావ బదిలీకి మేం బయల్దేరాల్సి రావడం, నా ఖర్మ కాకపోతే ఏమిటి? క్రిస్మస్‌కి అందరూ ఇళ్ళల్లో కాళ్ళు చాపుకుని "అద్దె తాత" చూస్తుంటే, అందులో అమ్మనైన నేను ట్రంకు పెట్టెలు సర్దుకుంటున్నాను. ఎంత చిన్న సినిమా అయితేనేం! పిల్లల కోసం ఒక్క క్రిస్మస్ తాతని అద్దెకి మాట్లాడితే ముగ్గురు తాతలు ఊడిపడటం, ఆ ముగ్గుర్నీ ఆవిడ మూడు గదుల్లో దాచలేక చావడం. తీసేటప్పుడే మాకు నవ్వాగేది కాదు. చూసినవాళ్ళు సినిమా కింద అభిప్రాయాలు రాస్తారట కదా, ఫోన్లో. అవి కాస్త చూసి, కాగితం మీద ఎక్కించి పంపవే. తిట్లున్నా దాచకు.

నీ ఆడిషన్ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. నీ సంచీ పట్టుకోవడానికి వెంట వచ్చినదాన్ని నేను. ఆ టోపీ డైరెక్టరు నిన్ను చూడ్డం మానేసి "ఆ సంచీ పట్టుకున్నావిడ ఒక్క లైను చదువుతారా?" అన్నాడు చూడు! నీకూ నవ్వొస్తుంది కదూ? నాకిదంతా సరదాయే అనుకో. అయినా జనం ఏమన్నారో తెలిస్తే బాగుంటుంది కదా.

అమ్మ మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయి? నీ సెలూన్‌లో హీటరు బాగుచేయించావా?

అక్క

*

సెలూన్ వెనకగది,
జనవరి మూడోవారం.

ప్రియమైన అక్కకి,

నవ్వొచ్చింది. చాలా.

హీటరు బాగైంది. అమ్మ మోకాళ్ళు కూడా. సెలూన్లో కిటికీ పక్క కుర్చీ వేయించుకుని పొద్దస్తమానం అక్కడే. చేతిలో ఫోను, ఫోన్లో నువ్వు. తలకి రంగు పట్టించుకుని కదల్లేని స్థితిలో ఉన్నవాళ్ళని చూసి మరీ పట్టుకుంటుంది. "ఇదిగో, ఈవిడ మా పెద్దమ్మాయి." నిన్న ఒకావిడ నన్ను చూపించి "మరి ఈవిడో?" అంది. "అది చిన్నది. తలలు దువ్వుతుంది" అంది అమ్మ. పదిహేనేళ్ళు నాటకాలాడాను అక్కా. రాణి వేషం వేశాను, పిచ్చిదాని వేషం వేశాను, గొంతు పోయిన రోజున కూడా చివరి వరసకి వినపడేలా చచ్చాను. నేను తలలు దువ్వుతానట.

పోనీలే. నీ అభిప్రాయాలు ఇవిగో. తిట్లున్నా దాచొద్దన్నావు కాబట్టి దాచడం లేదు.

"ముగ్గురు తాతలకీ కలిపి ఒకటే గడ్డం. అందుకే ముగ్గురూ ఒక్కసారైనా కలిసి కనపడరు. కథ మలుపు అనుకున్నాను, కాదు, గడ్డం కొరత."

"మంచు కురిసే సీన్లో తండ్రి తుమ్మితే మంచు బుడగలై లేచింది. సబ్బు నురగ అని మా నాలుగేళ్ళవాడు పట్టేశాడు."

"సినిమాలో చూపించిన మూడిళ్ళలోనూ అదే క్రిస్మస్ చెట్టు. అవార్డంటూ ఇస్తే ఆ చెట్టుకే ఇవ్వాలి, మూడు వేషాలు వేసింది."

ఇక నీ గురించి.

"అమ్మ వేషం వేసినావిడ ఎవరోగానీ నటిస్తున్నట్టే లేదు."

"ఆవిడ మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టేశాను."

నా మాటలు కావు అక్కా, జనం మాటలు. మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, లేకపోలేదు. కానీ అన్నీ "బాగుంది, బాగుంది" అని ఒకే తీరు. రాస్తే కాగితం దండగ. మనసులో పెట్టుకోకు. నీకెలాగూ సరదాయే కదా.

నీ చెల్లి

*

కొండమీది క్వార్టర్స్,
ఫిబ్రవరి.

పిచ్చుకా,

చెట్టు జోకు మీ బావకి చదివి వినిపిస్తే, వచ్చిన ఇన్నాళ్ళకి నవ్వారు. గడ్డం మాట నిజమే. ఒక తాత భోంచేస్తుంటే ఇంకో తాత దానికోసం పక్కనే కాచుక్కూర్చునేవాడు.

నా గురించి రాసినవి చదివి వినిపించలేదు.

నటిస్తున్నట్టు లేదంటే ఏమనుకోవాలి? బల్లలా నిలబడ్డానా? ఫోను పక్కన పెట్టేసినాయన నేనే మాట్లాడుతున్నప్పుడు పెట్టడమెందుకు? సినిమాలో నేను మాట్లాడని సీను లేదు మరి. గిన్నెలు తోముతూ ఇదే ఆలోచన. పనిలో పనిగా నా డైలాగులన్నీ మళ్ళీ చెప్పుకుంటుంటే, మీ బావ తొంగిచూసి "ఎవరొచ్చారు?" అన్నారు. ఇంత ఎత్తుకి ఎవరొస్తారు, మంచు తప్ప.

ఒక శుభవార్త కూడా ఉంది. టోపీ డైరెక్టరు ఉత్తరం రాశాడు. రెండో భాగం తీస్తాడట, ఎండాకాలంలో మొదలట. ఈసారి అమ్మ మీదే కథంతా. "మీరు సరేనంటేనే రాయడం మొదలుపెడతాను" అన్నాడు. ఆ వాక్యం చదివి నేను వంటింట్లో ఒక్కదాన్నే గిరగిరా తిరిగాను. సిగ్గులేకుండా చెప్తున్నాను, నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? కానీ జనం ఇలా అంటుంటే ఒప్పుకోవడం తగునా? నువ్వు నాటకాల దానివి, నీకు తెలుసు. మొహమాటం లేకుండా చెప్పు. ఇంకా ఏమేం అంటున్నారో అన్నీ చూసి రాయి. దాన్నిబట్టే డైరెక్టరుకి జవాబిస్తాను.

అన్నట్టు, నీ గురించి కూడా అడుగుతాను. ఈసారి పాత్రలకి తలలు దువ్వడానికి మనిషి కావాలట. నువ్వూ సెట్లో ఉంటే ఇద్దరికీ కాలక్షేపం.

అక్క

*

సెలూన్ వెనకగది,
ఫిబ్రవరి చివర.

సినీతార అక్కగారికి,

తలలు దువ్వడానికి నన్ను సిఫారసు చేస్తానన్నందుకు కృతజ్ఞతలు. పైకి ఎక్కినవాళ్ళు కిందివాళ్ళని మర్చిపోకూడదంటారు, నువ్వు మర్చిపోలేదు. దువ్వెన కడిగి సిద్ధంగా పెట్టుకుంటాను.

ఉత్తరం అమ్మకి చదివాను. రెండో భాగం మాట దగ్గర కళ్ళు తుడుచుకుంది. తలలు దువ్వే మాట దగ్గర "చూశావా, అది ఎంత ఎదిగినా నిన్ను వదల్దు" అంది.

మొహమాటం లేకుండా చెప్పమన్నావు. అడిగావు కాబట్టి రాస్తున్నాను.

"ఇంట్లో పనులు చేసుకునే ఆవిడని తీసుకొచ్చి కెమెరా ముందు నిలబెడితే సినిమా అవుతుందా?"

"అమ్మ పాత్రకి నటి దొరకలేదా?"

"ఈవిడ సంతోషంగా ఉన్నట్టు కనపడాల్సి వచ్చినప్పుడల్లా కింది పెదవి కొరుక్కుంటుంది. అబద్ధమాడి దొరికిపోయిన చిన్నపిల్ల చేసినట్టు. ఆ మొహంలో ఉన్నది సంతోషం కాదు, భయం. తనకి తగని చోట ఉన్నానని ఆవిడకే తెలుసు."

ఈ చివరిది చాలామందికి నచ్చింది. నేను నీ స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో నన్నడక్కు. నేనెప్పుడూ నీ స్థానంలో లేను.

చెల్లి

*

కొండమీది క్వార్టర్స్,
మార్చి.

చెల్లికి,

నీ ఉత్తరం అందిన రోజే డైరెక్టరుకి నా వల్ల కాదని రాసేశాను. వ్యాను ఎక్కించేశాను కూడా. తగని చోట ఉన్నానని నాకే తెలుసన్నారు చూడు, ఆ మాటతో నా చెయ్యి ఆగలేదు. ఎవరో మనసులో తొంగిచూసినట్టయింది.

వ్యాను మలుపు తిరిగి వెళ్ళిపోయాక ఆ కాగితం మళ్ళీ తీసి చదివాను.

నేను కింది పెదవి కొరుక్కుంటాను. నిజమే. ఇంట్లో. చిన్నప్పట్నుంచీ. సినిమాలో ఒక్కసారి కూడా కొరకలేదు. పెదవి రంగు పోతుందని మేకప్ అమ్మాయి ప్రతి షాటు ముందూ వేలు చూపించి బెదిరించేది. ఎవరూ చూడంది చూసిన ఆ ప్రేక్షకుడు ఎవరై ఉంటాడా అని కూర్చుని ఆలోచించాను. మనింట్లో పెరిగినవాడై ఉండాలి. నేను జామకాయలు దొంగిలించి, లేదని నాన్నకి చెప్పినప్పుడు పక్కనే నిలబడి ఉండాలి.

ఎవరు వాడు?

అక్క

*

సెలూన్ వెనకగది,
మార్చి.

అక్కా,

నేనే. ఇంకెవరు?

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకోను. పెదవి గురించి నేనే కల్పించి రాశాను. మొదటి రెండూ ఎవరో అన్నవే, ఆ చివరిది మాత్రం నాది. రాస్తున్నంతసేపూ హాయిగా ఉంది. అది కూడా తెలుసుకో.

నా జీవితంలో నాకు రాసిపెట్టిన వేషం ఒకటే అనుకున్నాను. ఆ అమ్మ వేషం పేజీ నెలరోజులు బట్టీ పట్టాను. అద్దం ముందు, దువ్వెన మైకులా పట్టుకుని. నువ్వు కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, తడుముకుంటూ, "ఇదేం అక్షరం?" అంటూ చదివావు. దాన్ని చూసి వాళ్ళందరూ నవ్వారు. నాకు ఇచ్చింది నీళ్ళసీసా. "మీరు చాలా బాగా చేశారు, థ్యాంక్స్" అన్నారు. నువ్వు బయటికొచ్చి "ఏమిటే ఇది, నాకు సరదాగా ఉంది" అన్నావు. సరదా! ఆకలితో ఉన్నదాని ముందు కూర్చుని, ఆకలి లేకుండా తిన్నావు. తింటూ నవ్వావు. పైగా ఇప్పుడు నీ జుట్టు దువ్వమంటావు.

దాచినవి కూడా చెప్పేస్తాను. సగం కోసి పంపిన వాక్యాల మిగతా సగాలు:

"అమ్మ వేషం వేసినావిడ ఎవరోగానీ నటిస్తున్నట్టే లేదు. ఎవరింట్లోనో కెమెరా మర్చిపోయి వచ్చినట్టుంది. ఇంత సహజంగా ఈమధ్య ఎవర్నీ చూడలేదు."

"ఆవిడ మాట్లాడుతుంటే ఫోను పక్కన పెట్టేశాను. పక్కన పెట్టేసి వెళ్ళి మా అమ్మని పిలుచుకొచ్చాను. ఇద్దరం మళ్ళీ మొదట్నుంచీ చూశాం."

అసలు పంపనివి:

"అన్నీ సర్ది, కేకు కోసే చాకు చేతిలో పట్టుకునే కుర్చీలో కునుకు తీస్తుంది చూడండి. మా ఇంట్లో నలుగురం ఒకేసారి 'అమ్మే!' అన్నాం. మా అమ్మకి కోపమొచ్చింది."

"సినిమా చవకది. ఆవిడ కాదు."

ఈ చివరిది చదివిన రోజు నేను కత్తెర పట్టుకోలేకపోయాను. చదువుకో. చదువుకుని ఏడు. నేనెన్నిసార్లు ఏడ్చానో.

ఇంకొకటి. నీ జవాబు చూసి డైరెక్టరు నా దగ్గరికే వచ్చాడు, నీకు నచ్చజెప్పమని. టోపీ తీశాడు. కింద నాలుగు వెంట్రుకలు తప్ప ఏం లేవు, ఉన్నవే కత్తిరించమన్నాడు. కుర్చీలో ఉన్నంతసేపూ నీ గురించి అడుగుతూనే ఉన్నాడు. ఏం చెప్పానో నువ్వే ఊహించుకో. పాలవాడి దగ్గర నువ్వు ఆడే బేరం, బావ గురకకి నువ్వు పెట్టిన పేరు, నలుగురిలో ఉంటే నీకొచ్చే ఆ తీపి గొంతు, అన్నీ చేసి చూపించాను. నవ్వి నవ్వి కదిలిపోతే కత్తెర చెవికి తగిలి రక్తమొచ్చింది. దూది నొక్కుకుంటూ, "ఆవిడ ఎంతకీ రానంటే అమ్మ వేషం మీరు వేస్తారా?" అన్నాడు.

వేస్తానన్నాను. వెంటనే. ఆలోచించనుకూడా లేదు.

చెల్లి

*

కొండమీది క్వార్టర్స్,
ఏప్రిల్.

చెల్లీ,

మూడు ఉత్తరాలు రాసి చింపాను. మొదటిది చదివితే నువ్వు నా మొహం చూడవు. రెండోది చదివితే నేనే నా మొహం చూసుకోలేను. మూడోదాంట్లో అంతా క్షమించేశాను, అది పచ్చి అబద్ధం.

సరదా అని రాశాను కదా. సరదా కాదు. ఆ సెట్లో ఎవరైనా "యాక్షన్" అంటే నాకు ఇంకేమీ వినపడేది కాదు. ఇన్నేళ్ళు మీ బావ బదిలీలతో ఊళ్ళు మారుతూ, పెట్టెలు కట్టి, పెట్టెలు విప్పి, ప్రతి ఊళ్ళోనూ "వాతావరణం ఆఫీసరుగారి భార్య"ని. అక్కడొక్కచోటే నన్ను నా పనిని బట్టి పిలిచారు. అంత కావాలని ఉందని చెప్తే నీ ముందు దొంగలా కనపడతానని, సరదా అన్నాను. నీ నోటిదగ్గరిది తీసుకున్నానని నాకు తెలియదనుకున్నావా? తెలుసు. తెలిసే నవ్వాను. ఏడిస్తే ఇంకా అసహ్యంగా ఉండేది.

అయినా నువ్వు చేసింది చేశావు. ఆ కాగితాలు పట్టుకుని నేను శీతాకాలమంతా కుమిలిపోయాను. మీ బావ నా మొహం చూసి వాయుగుండం అన్నారు, అది ఆయన వేసిన మొదటి జోకు. దానికీ నవ్వలేకపోయాను.

ఇప్పుడు నా వేషం నువ్వు వేస్తావు. నా పిల్లలు నిన్ను అమ్మా అంటారు. ఆ పిల్లలు నాకేమీ కారని నాకూ తెలుసు, తెలిసీ కడుపులో నిప్పు పోసినట్టుంది. నువ్వు బాగా చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బాగా చెయ్యకపోతే, నా వేషం పాడుచేశావని ఇంకా మండుతుంది. ఎటు చూసినా మంటే. ఇంత మంచులో ఉండీ.

డైరెక్టరు అడిగితే చెప్పు, సినిమాలో నేను వేసుకున్న ఆ ఎర్ర స్వెటరు పంపను. అది నేను అల్లుకున్నది.

అక్క

*

షూటింగ్ గోడౌను,
మే.

అక్కా,

ఇది పాత పరుపుల గోడౌను. ఒకవైపు పరుపులు, ఒకవైపు మన డ్రాయింగ్ రూము. బయట ఎండ మండిపోతోంది. లోపల క్రిస్మస్. స్వెటర్లలో ఉడికిపోతున్నాం. నీది పంపకపోయినా నష్టం లేదు, బజార్లో కొన్నారు. గుచ్చుకుంటోంది.

వారం రిహార్సల్ చేశాం. చెప్పక తప్పదు, అమ్మ వేషం నాకు రావడం లేదు.

డైలాగు తప్పడం లేదు. గొంతు బ్రహ్మాండం. కానీ నేను "పిల్లలూ, భోజనానికి రండి" అంటే ప్రజలారా తిరగబడండి అన్నట్టుంది. పిల్లల్లో చిన్నది నా ఒళ్ళో కూర్చోనంటోంది. డైరెక్టరు మర్యాదస్తుడు కదా, "కొంచెం తక్కువ చేద్దామా మేడమ్" అంటాడు. తక్కువ చేశాను. "ఇంకొంచెం తక్కువ." ఇంకా తగ్గించాను. "ఏం చెయ్యకుండా ఉండగలరా?" అన్నాడు. అదొక్కటి నాకెవరూ నేర్పలేదు. నీకెవరూ నేర్పకుండానే వచ్చు. ఈ మాట రాయడానికి నాకెంత కష్టంగా ఉందో నీకు తెలియాలనే రాస్తున్నాను.

నిన్న టీ తాగుతూ ఆయనే అన్నాడు. "ఆ రోజు సెలూన్లో నా చెవి తెగింది గుర్తుందా? అంత నొప్పిలోనూ నవ్వు ఆపుకోలేకపోయాను. మీరు మీ అక్క గురించి చెప్పినట్టు ఇంకెవరి గురించీ చెప్పలేరు. అది కావాలి నాకు."

"ఏది?" అన్నాను.

"ఆ కుళ్ళు" అన్నాడు.

కోపం రావాలి కదా అక్కా, నాకు. రాలేదు. కథ చెప్పాడు. పండక్కి అమ్మ ఇంటికి ఆవిడ చెల్లెలు వస్తుంది. అక్క కేకు బాగుందంటే పంచదార ఎక్కువంటుంది. పిల్లలు అక్కని ముద్దుపెట్టుకుంటే జలుబు చేస్తుందంటుంది. అందరూ అక్కని పొగుడుతుంటే నవ్వుతూ చెట్టు మీది అలంకారాలు ఒక్కొక్కటీ నలిపేస్తుంది. అక్కడికక్కడే లేచి చేసి చూపించాను. పరుపుల మీద కూర్చున్న లైట్లవాళ్ళు కింద పడి దొర్లారు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ అలాంటి నవ్వు వినలేదు. అది నా వేషం అక్కా. ఇది నీది కాదు, ఇంకెవరిదీ కాదు.

కానీ ఒక చిక్కొచ్చిపడింది. అక్కగా ఎవరెవర్నో తెచ్చి నా ముందు నిలబెట్టారు. ఒకావిడ చాలా పేరున్న నటి. ఆవిణ్ణి చూస్తే నాకు ఏమీ రావడం లేదు. అసూయ రావాలంటే ఆవిడది నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అయ్యుండాలి. ఆవిడ పాత గౌన్లు నేను తొడుక్కుని ఉండాలి. నువ్వు లేకపోతే నేనెవరి మీద ఏడవాలి?

క్షమాపణ చెప్పడం నాకు చాతకాదు. ఎవరైనా డైలాగు రాసిస్తే చివరి వరసకి వినపడేలా చెప్తాను. సొంతంగా అయితే ఇంతే వస్తోంది: నేను తప్పు చేశాను. నువ్వు నాకంటే బాగా చేశావు. ఈ రెండూ నిజం. రెండోది నిజం కాకపోతే మొదటిది చేసేదాన్నే కాదు.

అమ్మ వేషం ఖాళీగా ఉంది. రావే.

నీ చెల్లి

*

కొండమీది క్వార్టర్స్,
మే చివర.

పిచ్చుకా,

ఈ ఉత్తరం వచ్చిన వ్యానులోనే వెనకాల నేను రావచ్చు, ఉల్లిపాయల మీద కూర్చుని. ఏది ముందు చేరితే అది.

నీకోసం రావడం లేదు. నా వేషం కోసం వస్తున్నాను. నీ మీద కోపం పోలేదు. దాన్ని నాతోనే తెస్తున్నాను, దారిలో ఎక్కడా దించను. కెమెరా ముందు పనికొస్తుందేమో అడుగు.

నన్ను చూడగానే కాళ్ళ మీద పడటాలూ కౌగిలించుకోవడాలూ పెట్టుకోకు, నీకు అలాంటివి ఎక్కువ. మామూలుగా "వచ్చావా" అను.

అక్క

*

కొండమీది క్వార్టర్స్,
మళ్ళీ జనవరి.

పిచ్చుకా,

నిన్న కొండ దిగి కింది ఊళ్ళో మన రెండో భాగం చూశాం. ఈసారి ఫోన్లలో కాదు, హాళ్ళలో వేశారు కదా. పాత హాలు. అయినా నిండింది. మా ముందు వరసలో ఒక కుటుంబం, వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు. మీ బావ వద్దంటున్నా గొంగళి కప్పుకుని, మొహం కనపడకుండా కూర్చున్నాను. నన్నెవరైనా గుర్తుపడితే ఇబ్బందని ఆయనతో అన్నాను. అసలు ఎవరూ నా వైపే చూడలేదు.

నా మొదటి సీను. బాగా చేశాను, నాకు తెలుసు. హాలు నిశ్శబ్దంగా చూసింది. ఒకాయన మెల్లిగా లేచి ఫోను మాట్లాడటానికి బయటికెళ్ళాడు.

తర్వాత నువ్వు వచ్చావు. తలుపు తీసి, నా ఇల్లు ఇటునుంచి అటు చూసి, "ఓహో" అన్నావు. అంతే. ఒక్క "ఓహో." హాలు పైకప్పు లేచిపోయింది. బయటికెళ్ళినాయన పరిగెత్తుకుంటూ తిరిగొచ్చాడు, ఏం పోగొట్టుకున్నానో అని. ఇక అక్కణ్ణుంచి నువ్వు తెర మీద లేకపోతే జనం కుర్చీల్లో కదలడం మొదలుపెట్టారు. నేను పిల్లల్ని నిద్రపుచ్చే సీను, నువ్వు కూడా బాగుందన్నావు చూడు, ఆ సీన్లో ముందు వరస పిల్ల "చెల్లెలు ఎప్పుడొస్తుంది?" అని వాళ్ళ నాన్నని అడిగింది. నా సీన్లో!

నేను నవ్వలేదు. మీ బావ నవ్వారు. మంచు మనిషి అనుకున్నానా, కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ నవ్వారు. మోచేత్తో పొడిచాను. నువ్వు అలంకారాలు నలిపేస్తుంటే నా చేతిలో టికెట్టు ఎప్పుడు నలిగిపోయిందో నాకే తెలియలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని అమ్మ అంటే నేనెప్పుడూ పట్టించుకోలేదు. నిన్న ఆ కొమ్ములు తిన్నగా నాకే తగిలాయి.

సినిమా అయిపోయి దీపాలు వెలిగాక లేవబోతుంటే, వెనకావిడ పక్కావిడతో అంటోంది: "వాళ్ళిద్దరూ నిజంగా అక్కాచెల్లెళ్ళే అయ్యుంటారు. ఆ చెల్లెలి కళ్ళు చూశావా? అంత ఏడుపు నటిస్తే రాదు."

పక్కావిడ అంది: "అక్కని చూడలేదా నువ్వు? పైకి నవ్వుతోందిగానీ లోపల ఆవిడది అంతకంటే ఎక్కువ."

గొంగళి తీసి వాళ్ళకి నా మొహం చూపించాలనిపించింది. చూపించలేదు. మెట్లు దిగి, చలిలో నిలబడి, అప్పుడు నవ్వాను. ఎంతసేపు నవ్వానంటే మీ బావ భయపడి గాలి ఎటు వీస్తోందో చూడటం కూడా మర్చిపోయారు.

నువ్వు చాలా బాగా చేశావు. ఈ వాక్యం రాయడానికి నాకు పొద్దుట్నుంచీ సాయంత్రమైంది, కాబట్టి జాగ్రత్తగా దాచుకో. మళ్ళీ ఇప్పట్లో రాయను.

మూడో భాగానికి కథ ఆలోచిస్తున్నాడట డైరెక్టరు. అందులో చెల్లెలికి మొదటి సీన్లోనే గొంతు పోతే ఎంత బాగుంటుందో వివరంగా ఆయనకొక ఉత్తరం రాశాను. దీనితో పాటే వ్యాను ఎక్కుతోంది. అందులో ఏముందో నీకు చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను?

నీ మీద ఏడుస్తూ,
అక్క